హోలోకాస్ట్ పాఠం పిల్లలకు ఎలా చెప్పాలి: తొమ్మిది, పది తరగతులకు ఆరు పీరియడ్ల పద్ధతి

మన సోషల్ సిలబస్‌లో నాజీ జర్మనీ పాఠం ఉంది. హోలోకాస్ట్, అంటే యూరప్ యూదులను నాజీలు సామూహికంగా చంపడం, అందులోదే. పరీక్షల తొందరలో దాన్ని ఒకటి రెండు పీరియడ్లలో చదివించేసి, 'అరవై లక్షలు' అన్న అంకె కింద గీత గీయించి ముందుకు వెళ్ళిపోతే పిల్లలకు మిగిలేది ఒక్కటే: హిట్లర్ అనే దుర్మార్గుడు ఉండేవాడు, చాలామందిని చంపించాడు. అది అబద్ధమేమీ కాదు, కానీ దానితో పిల్లలకు ఏమీ అర్థం కాదు. ఒక్క మనిషి అరవై లక్షల మందిని చంపలేడు. గుమాస్తాలు, పోలీసులు, రైల్వే ఉద్యోగులు, డాక్టర్లు, జడ్జీలు, హెడ్మాస్టర్లు, పక్కింటివాళ్ళు తలా ఒక చెయ్యి వేస్తేనే అది జరిగింది. అడుగడుగునా ఎవరో ఒకరు నిర్ణయం తీసుకున్నారు, ఇంకెవరో దాన్ని అమలు చేశారు. పిల్లలకు చేరాల్సింది ఈ సంగతి. కింద చెప్పిన పద్ధతి అంతా దీని కోసమే.

ఏ వయసుకు ఎంత

ఆరో తరగతి కంటే కిందివాళ్ళకు ఈ పాఠం వద్దు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక పిల్లవాడి కథో, ఒక కుటుంబం కథో చెప్పొచ్చు. ఇల్లు వదలడం, దాక్కోవడం, ఎవరో ఆశ్రయం ఇవ్వడం వరకు చాలు. సామూహిక హత్యల గురించి తొమ్మిదో తరగతి నుంచే మాట్లాడాలి. ఆరు పీరియడ్లు దొరకవనుకుంటే రెండోది, ఆరోది కలిపి కుదించండి. మొదటిదాన్ని, మూడోదాన్ని మాత్రం తగ్గించవద్దు.

వారం ముందు

ఒక రోజు క్లాసు చివర ఐదు నిమిషాలు తీసుకుని అందరికీ తలా ఒక చీటీ ఇవ్వండి. "హిట్లర్, యూదులు, హోలోకాస్ట్. ఈ మూడింటి గురించి మీకు తెలిసింది రాయండి. పేరు రాయకండి" అని చెప్పండి. వచ్చే జవాబులు దాదాపు ముందే ఊహించవచ్చు. 'హిట్లర్ గొప్ప దేశభక్తుడు', 'యూదులు యేసును చంపినవాళ్ళు', 'మా లెక్కల సారు'. చాలా చీటీలు ఖాళీగా వస్తాయి. వాటిని క్లాసులో పైకి చదవొద్దు, ఎవరి చేతిరాతో పోల్చుకోవద్దు. ఇంటికి తీసుకెళ్ళి మూడు కుప్పలు చేయండి: తప్పుగా తెలిసినవి, అసలు తెలియనివి, పిల్లలు అడగాలనుకుంటున్నవి. మీ నోట్సు ఈ మూడు కుప్పల మీదే తయారవుతుంది.

హెడ్మాస్టరుకు ముందే చెప్పండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాల నోటీసు పెట్టండి: ఏం చెబుతున్నారు, ఎన్ని రోజులు, శవాల ఫొటోలు చూపించరని, పిల్లలు ఇంటికొచ్చి ప్రశ్నలు అడగొచ్చని. క్లాసులో ఈ మధ్యే ఇంట్లో మరణం చూసినవాళ్ళు, హింస చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో క్లాస్ టీచరును అడిగి తెలుసుకోండి. అలాంటి పిల్లలతో ముందుగా విడిగా మాట్లాడితే నాలుగో పీరియడ్ నాడు ఇబ్బంది ఉండదు.

సామాను: యూరప్ అవుట్‌లైన్ పటం పెద్ద చార్టు మీద ఒకటి, ఏ4 సైజులో ఆరు నుంచి ఎనిమిది ఫొటోల ప్రింట్లు, మూడో పీరియడ్‌కు కార్డులు. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది.

మొదటి పీరియడ్: ముందు మనుషుల్ని చూపించండి

ఎక్కువమంది నేరుగా 1933తో మొదలుపెడతారు. అప్పుడు పిల్లలు యూదులను మొదటిసారి చూసేదే బాధితులుగా. అంతకుముందు వాళ్ళు ఎలా బతికారో తెలియకపోతే పోయిందేమిటో తెలియదు. అందుకని ఈ పీరియడ్‌లో నాజీల ఊసే ఎత్తకండి.

1933 నాటికి యూరప్‌లో సుమారు 95 లక్షల మంది యూదులు ఉండేవారు. వార్సా నగరంలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు యూదులే. జర్మనీలో మాత్రం వాళ్ళు 5 లక్షల 20 వేల చిల్లర, మొత్తం జనాభాలో ఒక శాతం కూడా కాదు. ఈ చివరి అంకె బోర్డు మీద రాసి ఉంచండి. 'యూదులు జర్మనీని ఆక్రమించేశారు' అన్న నాజీ ప్రచారం ఎంత అబద్ధమో తర్వాత పిల్లలే చెబుతారు. వాళ్ళలో దర్జీలు, ప్రొఫెసర్లు, కూలీలు, బ్యాంకర్లు, సంగీతకారులు, గట్టి నాస్తికులు, గట్టి ఆస్తికులు ఉన్నారు. కొందరు యిడ్డిష్, కొందరు లాడినో, ఇంకొందరు జర్మన్, పోలిష్, హంగేరియన్ మాట్లాడేవారు.

మన పిల్లలకు యూదులు అంటే బైబిల్లో పేరు మాత్రమే. మన దేశంలోనూ ఉన్నారని చెప్పండి: కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), ముంబై చుట్టుపక్కల బెనె ఇజ్రాయెల్ వాళ్ళు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడే చిన్న బెనె ఎఫ్రాయిమ్ సమాజం. 'యేసును చంపినవాళ్ళు' అన్న చీటీ వచ్చి ఉంటే జవాబు ఇక్కడే ఇచ్చేయండి. యేసు, మరియ, పన్నెండుమంది శిష్యులు, అందరూ యూదులే. సిలువ వేసే అధికారం ఉన్నది రోమన్ పాలకులకు. ఆ మరణానికి అప్పటి యూదులందరినీ గానీ ఇప్పటి యూదులను గానీ బాధ్యుల్ని చేయకూడదని కాథలిక్ చర్చి 1965లో రెండో వాటికన్ మహాసభలో అధికారికంగా ప్రకటించింది. ఆ పాత నింద యూరప్‌లో శతాబ్దాలపాటు దాడులకు సాకైంది.

తర్వాత ఆరు పీరియడ్లకూ తోడుండే ఒక పిల్లవాణ్ణి పరిచయం చేయండి. ఆన్ ఫ్రాంక్ చాలామందికి కొంచెమైనా తెలుసు. మన పిల్లలకు పెటర్ గింజ్ ఇంకా దగ్గరవుతాడు. 1928 ఫిబ్రవరి 1న ప్రేగ్ నగరంలో పుట్టాడు. నాన్న యూదుడు, అమ్మ కాదు. బొమ్మలు వేసేవాడు, కథలు రాసేవాడు, సైన్సు అంటే ప్రాణం. పద్నాలుగేళ్ళకు టెరెజిన్ ఘెట్టోకు, అంటే యూదులను బలవంతంగా కుక్కి బంధించిన చోటికి, పంపారు. అక్కడ తన గదిలోని కుర్రాళ్ళతో కలిసి 'వెడెమ్' అనే వారపత్రిక రహస్యంగా నడిపాడు. ఒక్కటే ప్రతి తయారయ్యేది. శుక్రవారం సాయంత్రం అందరూ చేరి పైకి చదువుకునేవాళ్ళు. చంద్రుడి కొండల మీద నిలబడి చూస్తే భూమి ఎలా కనిపిస్తుందో ఊహించి బొమ్మ గీశాడు. ఆ బొమ్మ నకలును ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ 2003లో కొలంబియా అంతరిక్షనౌకలో తనతో తీసుకెళ్ళాడు. రామోన్ తల్లి నాజీల హత్యా కేంద్రమైన ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన మనిషి. అదే నౌకలో కల్పనా చావ్లా ఉంది. 2003 ఫిబ్రవరి 1న, పెటర్ బతికి ఉంటే 75వ పుట్టినరోజు అయ్యే నాడు, ఆ నౌక కూలిపోయింది.

మొదటి పీరియడ్‌లో టెరెజిన్ సంగతి, ఆ తర్వాతిదీ చెప్పకండి. ప్రేగ్ కుర్రాడి అల్లరి, అతను గీసిన చంద్రుడి బొమ్మ, ఇంతే. మిగిలింది ఏ పీరియడ్‌లో రావాలో అక్కడ వస్తుంది.

రెండో పీరియడ్: 1918 నుంచి 1933

ఇది పుస్తకంలో బాగానే ఉంటుంది, త్వరగా నడిపించండి. రెండు తప్పులు మాత్రం ఇక్కడే పుడతాయి. ఒకటి, 'వెర్సయిల్స్ సంధి, ఆకలి, నిరుద్యోగం, అందుకే హోలోకాస్ట్' అనే వరస. 1932 మొదట్లో జర్మనీలో 60 లక్షల మందికి పని లేదు, నిజమే. పని లేని దేశాలు ఇంకా చాలా ఉన్నాయి, అవి ఇలా చేయలేదు. కష్టకాలం నాజీలకు సందు ఇచ్చింది. ఆ కష్టానికి యూదులను దోషులుగా చూపించాలన్నది మాత్రం నాజీలు ఎంచుకున్న దారి.

రెండోది, 'హిట్లర్‌ను జర్మనీ ప్రజలు మెజారిటీతో గెలిపించారు'. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీ పార్టీకి సగం ఓట్లు రాలేదు. 1932 జూలైలో 37 శాతం, అదే ఏడాది నవంబర్‌లో 33 శాతం. అంటే తగ్గాయి. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అతన్ని చాన్సలర్‌గా నియమించాడు. 'మన చెప్పుచేతల్లో ఉంటాడులే' అనుకున్న నాయకులు వెనక ఉన్నారు. రెండు నెలలు తిరక్కముందే, మార్చి 23న, పార్లమెంటు తన శాసనాధికారాన్ని తానే అతని చేతికి ఇచ్చేసింది. డహావ్ నిర్బంధ శిబిరం తెరిచింది అంతకు ఒక్క రోజు ముందు. మొదట అందులోకి వెళ్ళింది ఎక్కువగా రాజకీయ ప్రత్యర్థులు.

మూడో పీరియడ్: పన్నెండు కార్డులు

మొత్తం పాఠానికి ఇదే గుండెకాయ, దీనికి తయారీ బాగా ఉండాలి. క్లాసులో నలభై మంది ఉంటే ఐదుగురేసి ఎనిమిది గుంపులు. గుంపుకు పన్నెండు కార్డుల సెట్టు ఒకటి, మొత్తం 96 కార్డులు. ఏ4 కాగితానికి నాలుగు చొప్పున 24 ప్రింట్లు సరిపోతాయి. కార్డు మీద తేదీ వేయొద్దు, ఉత్తర్వు సారాంశం మాత్రమే వేయండి. తేదీలు మీ దగ్గర ఉంచుకోండి:

1933 ఏప్రిల్ 1: యూదుల దుకాణాల ముందు నాజీ దళాలు కాపలా నిలబడి కొనవద్దన్నాయి.
1933 ఏప్రిల్ 7: ప్రభుత్వోద్యోగాల నుంచి, బడుల్లో టీచరు ఉద్యోగాల నుంచి యూదులను తొలగించే చట్టం.
1933 ఏప్రిల్ 25: బడుల్లో, కాలేజీల్లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి.
1935 సెప్టెంబర్ 15: న్యూరెంబర్గ్ చట్టాలు. పౌరసత్వం రద్దు, యూదులకూ ఇతరులకూ మధ్య పెళ్ళిళ్ళ నిషేధం.
1938 జూలై: యూదు డాక్టర్ల లైసెన్సుల రద్దుకు ఉత్తర్వు.
1938 ఆగస్టు: యూదు పేరుగా కనిపించనివాళ్ళు మగవాళ్ళయితే 'ఇజ్రాయెల్', ఆడవాళ్ళయితే 'సారా' అని పేరుకు చేర్చుకోవాలి.
1938 అక్టోబర్: పాస్‌పోర్టు మీద ఎర్రటి 'జె' ముద్ర.
1938 నవంబర్ 12: దుకాణాలు నడపడం, సినిమాలకు, నాటకాలకు వెళ్ళడం నిషేధం.
1938 నవంబర్ 15: యూదు పిల్లలు జర్మన్ బడుల్లో ఉండకూడదు.
1939 సెప్టెంబర్: రేడియోలు అప్పగించాలి.
1941 సెప్టెంబర్: ఆరేళ్ళు దాటినవాళ్ళంతా బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి.
1942: కుక్క, పిల్లి పెంచుకోకూడదు. సైకిళ్ళు ఇచ్చేయాలి.

మొదటి పది నిమిషాలు గుంపులు తమ ఊహ ప్రకారం వరుసగా పేర్చాలి. దాదాపు అన్ని గుంపులూ పసుపు నక్షత్రాన్ని మొదట్లోనే పెడతాయి. మీరు బోర్డు మీద అసలు తేదీలు రాసినప్పుడు అది పదకొండో స్థానంలో పడుతుంది. హిట్లర్ వచ్చిన ఎనిమిదేళ్ళకు గాని జర్మనీలో ఆ నక్షత్రం రాలేదు. మధ్యలో అన్నేళ్ళు ఏం జరిగిందన్న ప్రశ్న అప్పుడు పిల్లల నోటి నుంచే వస్తుంది. 1938 నవంబర్ 9, 10 తేదీల విధ్వంసం గురించి ఇక్కడ చెప్పండి. ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి, వేలాది దుకాణాల అద్దాలు పగిలాయి, దాదాపు 30 వేల మంది యూదు మగవాళ్ళను అరెస్టు చేసి శిబిరాలకు పంపారు. పై జాబితాలో ఆ వెంటనే వచ్చిన రెండు ఉత్తర్వుల తేదీలు చూడమనండి.

తర్వాతి పావుగంట రెండో పని. ప్రతి కార్డు వెనక ఒకే ప్రశ్నకు జవాబు రాయాలి: ఈ ఉత్తర్వు అమలు కావాలంటే ఎవరెవరు ఏ పని చేయాలి? నవంబర్ 15 కార్డును మీరే చేసి చూపించండి. మంత్రిత్వశాఖ కాగితం పంపింది. దాన్ని ఎవరో టైపు చేశారు. బడికి చేరాక హెడ్మాస్టరు చదివాడు. క్లాస్ టీచర్ హాజరుపట్టీ తెరిచి ఫలానా పేర్ల మీద గీత కొట్టింది. ఆ పిల్లవాడికి ఎవరో ఒకరు చెప్పాలి, రేపటి నుంచి రావద్దని. మర్నాడు బెంచీలో పక్కవాడు ఒంటరిగా కూర్చున్నాడు. నాలుగు రోజులకు ఆ చోట్లో ఇంకొకరు కూర్చున్నారు. ఇలా ఒక్క కార్డుకే ఐదారు చేతులు కనిపిస్తాయి. సైకిళ్ళ కార్డుకు, డాక్టర్ల కార్డుకు పిల్లలే రాయగలరు. ఖాళీ అయిన డాక్టరు ఉద్యోగం ఎవరికి దక్కింది, వేలానికి వచ్చిన దుకాణం ఎవరు చవగ్గా కొన్నారు అని అడగండి. లాభం పొందినవాళ్ళు కూడా బయటికొస్తారు.

ఇక్కడ 'మీరైతే ఏం చేసేవాళ్ళు?' అని అడగొద్దు. నలభై మందీ 'మేమైతే ఎదిరించేవాళ్ళం' అంటారు, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. 'ఆ రోజు ఆ టీచర్ ముందు ఏయే దారులు ఉన్నాయి? ఒక్కోదానికి ఆమెకు ఏం నష్టం?' అని అడగండి. ఈ ప్రశ్నకు నిజాయితీగల జవాబులు వస్తాయి.

నాలుగో పీరియడ్: హత్యలు

మెల్లగా, గొంతు పెంచకుండా, సూటిగా చెప్పండి. పటం గోడకు ఉండాలి. యుద్ధం 1939 సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడితో మొదలైంది. జర్మనీ ఆక్రమించిన ప్రాంతాలు పెరిగినకొద్దీ దాని చేతికి చిక్కిన యూదులూ పెరిగారు. చనిపోయినవాళ్ళంతా జర్మన్ యూదులేనని పిల్లలు అనుకుంటారు. వాళ్ళలో సుమారు 30 లక్షల మంది పోలండ్ యూదులు. తర్వాత ఎక్కువమంది సోవియట్ ప్రాంతాలవాళ్ళు, హంగేరీవాళ్ళు.

ఘెట్టోలు ముందు. వార్సా ఘెట్టోను 1940 నవంబర్‌లో గోడ కట్టి మూసేశారు, లోపల 4 లక్షల పైచిలుకు జనం. తర్వాత కాల్పులు. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్ మీద దాడి మొదలయ్యాక సైన్యం వెనకే వచ్చిన దళాలు ఊరూరా యూదులను ఊరి చివరికి తీసుకెళ్ళి కాల్చాయి. కీవ్ దగ్గర బాబీ యార్ లోయలో 1941 సెప్టెంబర్ 29, 30, ఆ రెండు రోజుల్లోనే 33,771 మంది. ఈ అంకె హంతకులు తమ పై అధికారులకు పంపిన నివేదికలోనిదే. హోలోకాస్ట్ అంటే గ్యాస్ చాంబర్లే అనుకునేవాళ్ళకు ఇది తెలియాలి.

ఆ తర్వాత హత్యా కేంద్రాలు. చెల్మ్నో, బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకా, ఆష్విట్జ్-బిర్కెనౌ. ఇవన్నీ జర్మనీ ఆక్రమించిన పోలండ్ గడ్డ మీదివి. కాబట్టి 'పోలండ్ వాళ్ళ శిబిరాలు' అని రాస్తే దిద్దండి, నడిపింది జర్మన్లు. డహావ్ లాంటి నిర్బంధ శిబిరానికీ ట్రెబ్లింకా లాంటి చోటికీ తేడా చెప్పండి. మొదటిదాంట్లో బంధించి, పని చేయించి, ఆకలితో, హింసతో చంపేవారు. రెండోదానికి వచ్చినవాళ్ళలో దాదాపు అందర్నీ వచ్చిన కొద్ది గంటల్లోనే చంపేసేవారు. ట్రెబ్లింకాలో సుమారు 9 లక్షల మంది పోయారు. అక్కడ పనిచేసిన జర్మన్ సిబ్బంది ఓ పాతిక ముప్పై మంది, వాళ్ళ కింద వంద పైచిలుకు కాపలాదార్లు. ఇంత కొద్దిమందితో అది సాధ్యమైందంటే రైళ్ళు వేళకు నడిపినవాళ్ళు, జాబితాలు రాసినవాళ్ళు బయట ఎందరున్నారో మూడో పీరియడ్ కార్డుల లెక్కన పిల్లలు ఊహించగలరు. ఆష్విట్జ్‌లో సుమారు 11 లక్షల మంది చనిపోయారు, అందులో దాదాపు 10 లక్షల మంది యూదులు. పెటర్ గింజ్‌ను 1944 సెప్టెంబర్‌లో టెరెజిన్ నుంచి అక్కడికే పంపారు. పదహారేళ్ళు. తిరిగి రాలేదు.

మొత్తం 60 లక్షల మంది యూదులు, వాళ్ళలో 15 లక్షల మంది పిల్లలు. నాజీలు చంపిన ఇతరుల గురించి కూడా చెప్పాలి: వైకల్యం ఉన్నవాళ్ళు, మానసిక రోగులు సుమారు రెండున్నర లక్షలు, రోమా ప్రజలు (జిప్సీలని పిలిచేవారు) కనీసం రెండున్నర లక్షలు, సోవియట్ యుద్ధఖైదీలు 30 లక్షల పైన. రోమాల భాష మన ఉత్తర భారత భాషలకు చుట్టం, వాళ్ళ పూర్వీకులు ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళే. 'ఆర్యులంటే మనమే కదా సార్, హిట్లర్ మనల్ని గౌరవించాడు' అనే పిల్లవాడికి ఇదే జవాబు.

శవాల గుట్టల ఫొటోలు, గ్యాస్ చాంబర్ లోపలి బొమ్మలు వద్దు. అవి చూసిన పిల్లలకు ఒళ్ళు జలదరిస్తుంది, బుర్ర పనిచేయదు. పైగా చనిపోయినవాళ్ళను ఆ స్థితిలో చూపించే హక్కు మనకు లేదు. బూట్లు, సూట్‌కేసుల మీద రాసిన పేర్లు, రైలు పట్టాలు చాలు. ప్రింటు తీసేముందు ఫొటో ఎక్కడిదో మ్యూజియం సైట్లలో సరిచూసుకోండి. ఏఐతో తయారుచేసిన నకిలీ 'ఆష్విట్జ్ పిల్లల' బొమ్మలు ఇప్పుడు ఫేస్‌బుక్ నిండా ఉన్నాయి. ఒక్క నకిలీ ఫొటో దొరికినా 'ఇదంతా కట్టుకథ' అనేవాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

చివరి పది నిమిషాలు ఖాళీగా ఉంచండి. ప్రశ్నలు రావచ్చు, రాకపోవచ్చు. ఈ పీరియడ్‌ను రోజు చివరిదిగా పెట్టకండి. మధ్యాహ్న భోజనానికి ముందు కూడా వద్దు.

ఐదో పీరియడ్: చేసినవాళ్ళు, చూసినవాళ్ళు, ఎదిరించినవాళ్ళు

యూజెఫూవ్ ఉదంతంతో మొదలుపెట్టండి. 1942 జూలైలో పోలండ్‌లోని ఆ ఊరికి రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101 వచ్చింది. చాలామంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసు మనుషులు, పిల్లల తండ్రులు. యూదులను కాల్చాలి, చేయలేననుకున్న పెద్దవాళ్ళు పక్కకు తప్పుకోవచ్చు అని కమాండరే చెప్పాడు. దాదాపు 500 మందిలో అప్పుడు ముందుకొచ్చి తప్పుకున్నది ఓ డజను మంది. ఆ రోజు సుమారు 1,500 మందిని కాల్చారు. తప్పుకున్నవాళ్ళకు శిక్ష పడలేదు. 'ఆజ్ఞ పాటించకపోతే వాళ్ళనూ చంపేసేవారు కదా' అన్న మాట ప్రతి క్లాసులోనూ వస్తుంది. దానికి ఇంతకంటే గట్టి జవాబు లేదు. మరి మిగతావాళ్ళు ఎందుకు తప్పుకోలేదు? తోటివాళ్ళ ముందు పిరికివాడిలా కనిపించడం ఇష్టం లేక, అలవాటు, ప్రచారం, పదోన్నతి. పిల్లలు తమ మాటల్లో చెప్పనివ్వండి.

ఆశ్రయం దొరకని సంగతి కూడా ఇక్కడే. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు యూదు శరణార్థుల గురించి సమావేశమై సానుభూతి చూపాయి, తలుపులు తెరిచినవి తక్కువ. 1939 మేలో 937 మంది ప్రయాణికులతో, వాళ్ళలో దాదాపు అందరూ యూదు శరణార్థులే, హాంబర్గ్ నుంచి బయల్దేరిన సెయింట్ లూయిస్ ఓడను క్యూబా, అమెరికా రానివ్వలేదు. వెనక్కి వెళ్ళిన వాళ్ళలో 254 మంది తర్వాత హోలోకాస్ట్‌లో చనిపోయారు.

'యూదులు ఎందుకు తిరగబడలేదు?' అని తప్పకుండా అడుగుతారు. తిరగబడ్డారు. వార్సా ఘెట్టోలో 1943 ఏప్రిల్ 19న మొదలైన తిరుగుబాటు దాదాపు నెల నడిచింది. అదే ఏడాది ట్రెబ్లింకాలో, సోబిబోర్‌లో ఖైదీలు లేచారు. అయినా ఆకలితో మాడుతూ, ముసలివాళ్ళతో, పసిపిల్లలతో ఉన్నవాళ్ళను ఈ ప్రశ్న అడిగేముందు శిక్షణ పొందిన సోవియట్ సైనికులే 30 లక్షల మంది ఖైదులో చనిపోయారని గుర్తుచేయండి. తుపాకీ లేని ప్రతిఘటన కూడా ఉంది. వార్సా ఘెట్టోలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు బృందాన్ని కూడగట్టి లోపలి జీవితానికి సంబంధించిన ప్రతి కాగితమూ, రేషన్ కార్డులు, పిల్లల వ్యాసాలు, పోస్టర్లు, సేకరించి రేకుపెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టించాడు. యుద్ధం తర్వాత 1946లో కొన్ని, 1950లో కొన్ని తవ్వి తీశారు. ఆయన బతకలేదు.

కాపాడినవాళ్ళకు పావుగంట కంటే ఎక్కువ ఇవ్వొద్దు. 1943 అక్టోబర్‌లో డెన్మార్క్ జనం సుమారు 7,200 మంది యూదులను పడవల్లో స్వీడన్‌కు దాటించారు. పిల్లలకు ఇది తెలియాలి. కానీ పాఠమంతా ఇలాంటి కథలతో నింపితే యూరప్ అంతా సాయం చేసిందన్న భ్రమ కలుగుతుంది. కాపాడినవాళ్ళు చాలా కొద్దిమంది.

ఆరో పీరియడ్: ప్రశ్నలు

1945 జనవరి 27న సోవియట్ సైన్యం ఆష్విట్జ్‌ను విడిపించింది. ఐక్యరాజ్యసమితి 2005లో ఆ తేదీని సంస్మరణ దినంగా ప్రకటించింది. 1948 డిసెంబర్ 9న జాతి నిర్మూలన నేరంపై అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. భారత్ 1949లో సంతకం చేసి 1959లో ఆమోదించింది. ఇది పది నిమిషాల్లో ముగించి చీటీల్లోని ప్రశ్నలు బయటికి తీయండి.

స్వస్తిక్ గురించి: 'హిట్లర్ మన స్వస్తికాన్ని తిప్పి వేశాడు' అనే జవాబు అందరూ చెబుతారు, అది తప్పు. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటాయి. నాజీలది సాధారణంగా 45 డిగ్రీలు వాల్చి, ఎర్ర జెండా మీద తెల్లటి వలయంలో నల్లగా ఉంటుంది. మన గడపల మీద పసుపు కుంకుమలతో వేసేది వేల ఏళ్ళ శుభచిహ్నం, దానికి సిగ్గుపడనక్కర్లేదు. నాజీ గుర్తు చూసిన యూదు కుటుంబానికి ఏం గుర్తొస్తుందో కూడా తెలుసుకోవాలి, రేపు విదేశాలకు వెళ్ళే పిల్లలు ఈ క్లాసులోనే ఉన్నారు.

బోస్ గురించి: నేతాజీ 1942 మేలో హిట్లర్‌ను కలిశాడు, బ్రిటిష్‌వారి మీద పోరాటానికి సాయం కోసం. అదే నెలల్లో పోలండ్‌లో హత్యా కేంద్రాలు నడుస్తున్నాయి. మరోవైపు సుమారు 25 లక్షల మంది భారతీయులు బ్రిటిష్ భారత సైన్యంలో పనిచేశారు. ఇవన్నీ నిజాలే, ఏదీ దాచొద్దు. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని సమర్థించనూ వద్దు.

కులం గురించి: 'వేరే గ్లాసు, వేరే బావి లాంటిదేనా సార్?' అని ఎవరో అడుగుతారు. ఆపకండి, మంచి ప్రశ్న. మనుషుల్ని పుట్టుకతో వేరుచేయడం, తాకకూడదనడం ఎక్కడ పోలుతుందో, ప్రభుత్వమే ఒక జనాన్ని మొత్తంగా అంతం చేయడానికి పూనుకోవడం ఎక్కడ వేరో బోర్డు మీద రెండు వరసల్లో రాయండి. రాజ్యాంగం 17వ అధికరణం చదివించండి. ఎవరి బాధ పెద్దదని పోటీ పెట్టవద్దు. దళిత పిల్లలను 'నువ్వు చెప్పు, మీకెలా ఉంటుంది' అని లేపి నిలబెట్టవద్దు.

గాజా గురించి అడిగితే అది వేరే చరిత్ర, దానికి వేరే పీరియడ్ కావాలని చెప్పి నిజంగానే ఇవ్వండి. ఒక ప్రభుత్వం చేసే పనిని విమర్శించడం వేరు, ప్రపంచంలోని యూదులందరినీ ద్వేషించడం వేరు అన్న తేడా మాత్రం అక్కడికక్కడే చెప్పాలి.

చేయకూడనివి

పిల్లల్ని రెండు జట్లు చేసి ఒక జట్టుకు పసుపు బిళ్ళలు తగిలించి 'అనుభవించండి' అనడం. క్లాసు గదిలో అది ఆటగా మారుతుంది, లేదా నిజంగా ఏడిపిస్తుంది. రెండింటిలోనూ చరిత్ర అర్థం కాదు. థర్మాకోల్‌తో ఆష్విట్జ్ మోడల్ ప్రాజెక్టుగా ఇవ్వడం. పిల్లవాడి ధ్యాసంతా గొట్టాలకు రంగు వేయడం మీదే ఉంటుంది. పదకేళీలు, క్విజ్ బజర్లు. వార్షికోత్సవంలో మీసం పెట్టి హిట్లర్ వేషం. సిలబస్ అయిపోయాక ఖాళీ పీరియడ్‌లో ఏదో కల్పిత సినిమా వేసి వదిలేయడం.

పరీక్ష

'హోలోకాస్ట్‌లో ఎంతమంది చనిపోయారు?' అని అడిగితే పిల్లలు అంకె బట్టీపడతారు. ఇలా అడగండి: 'పన్నెండు ఉత్తర్వుల్లో ఏవైనా రెండు తీసుకుని, వాటిని అమలు చేసినవాళ్ళు ఎవరు, ఒక్కొక్కరు ఏం చేశారు, ఎవరు లాభపడ్డారు రాయండి.' ఎనిమిది మార్కులకు ఇది సరిపోతుంది. ఉత్తర్వుకు తేదీ లేదా కాలక్రమం సరిగ్గా రాస్తే ఒకటి చొప్పున రెండు, అమలు చేసిన మనుషుల్ని, వాళ్ళ పనిని విడివిడిగా రాస్తే నాలుగు, లాభపడినవాళ్ళకు రెండు. 'హిట్లర్ చేశాడు', 'నాజీలు చేశారు' అని ఊరుకున్న జవాబుకు ఆ నాలుగు మార్కుల్లో ఒకటికి మించి వేయకండి. పేపర్లు దిద్ది ఇచ్చేటప్పుడు ఎందుకు తగ్గించారో పక్కన ఒక వాక్యం రాయండి: 'ఆ రోజు హాజరుపట్టీలో గీత కొట్టింది ఎవరు?'